రెండు లక్షల్లో సరదా బండి: మోడల్ తర్వాత, ముందు ఆర్సీ మీద పేరు

పోస్టు పెద్దదైంది, తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి. తిట్టాలనుకున్నవాళ్లు కూడా చివరిదాకా చదివి తిట్టండి.

పోయిన వారం మన గ్రూపులో సెకండ్ హ్యాండ్ కారు మాట వచ్చింది కదా. సగం మంది "మనకి కారెందుకు, ఆ డబ్బుల్తో ఆటో కొంటే నాలుగు రాళ్లొస్తాయి" అన్నారు. మిగతా సగం మంది ఈ మోడల్ తోపు, ఆ మోడల్ కేక అని ఫొటోలు పెట్టారు. ఆర్సీ ఎవరి పేరు మీదకి వస్తుందని ఒక్కరూ అడగలేదు. నాకు రెండు వర్గాలతోనూ పేచీ ఉంది. సరదా కోసం కారు కొనుక్కోవడంలో తప్పేమీ లేదు, అది మొదటి మాట. కానీ తక్కువ డబ్బుల్లో సరదా అనేది భయం లేని బండిలోనే ఉంటుంది. రోడ్డు మీద ఆగిపోతుందేమోనని, ఫైనాన్స్ వాళ్లు వచ్చి ఎత్తుకుపోతారేమోనని, పోలీసులు ఆపితే ఏం చెప్పాలోనని భయపడుతూ నడిపే బండి ఎంత స్పీడు పోయినా సరదా కాదు.

ముందు ఆటో వాళ్లకి. మా చీమకుర్తి గురించి తెలియని వాళ్లకి చెప్తున్నా. గెలాక్సీ గ్రానైట్ మా దగ్గరే దొరుకుతుంది, నల్ల రాయి మీద బంగారు చుక్కలుంటాయి. దేశదేశాలకి పోతుంది. ఆ రాయి మోసే లారీల మీద, క్వారీల్లో తిరిగే బండ్ల మీద, ఓనర్ల ఇళ్ల ముందు నిలబెట్టే పెద్ద పెద్ద కార్ల మీద డ్రైవర్లు ఎవరు? మా ఎరుకల కాలనీలోనూ, పక్కన యానాది కాలనీలోనూ ఉన్న అన్నలే చాలామంది. గేరు చప్పుడు విని క్లచ్ ఎంత అరిగిందో చెప్పగలరు. ఇరవై ఏళ్లు ఊరందరి కార్లూ నడిపి, సొంత కారు తాళం చేతిలో పట్టుకోకుండానే ముసలోళ్లు అవుతున్నారు. ప్రభుత్వం మనకి బండి ఇచ్చినా అది పని బండే. 2021 జనవరిలో ఇంటింటికీ రేషన్ కోసం 9,260 బండ్లు సబ్సిడీ మీద ఇచ్చారు, అందులో మనవాళ్లకీ కొన్ని వచ్చాయి. 2025 జూన్ నుంచి ఆ పథకం ఆపేశారు. ఆ బండిలో ఎప్పుడైనా అమ్మని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని కొత్తపట్నం బీచికి పోయినవాళ్లు ఎవరైనా ఉన్నారా? మనవాడు బండి కొంటే అది సంపాదించి తీరాలి, వేరేవాళ్లు కొంటే అది షికారు బండి. ఈ లెక్క ఎవరు పెట్టారో నాకు అర్థం కాదు.

ఇంక నేనెందుకు ఇంత తిరిగి చూస్తున్నానంటే, మా పెదనాన్న కొడుకు, మా పెద్దన్న, క్వారీలో డ్రైవరు. ఆరేళ్లు చీటీలు కట్టి రెండు లక్షలు కూడబెట్టాడు. మా ఇంట్లో కాలేజీ మెట్టు ఎక్కింది నేనొక్కడినే కాబట్టి "నువ్వు చదువుకున్నోడివి, కాయితాలు నువ్వు చూడు, ఇంజను నేను చూసుకుంటా" అన్నాడు. ఎట్టాంటి బండి కావాలన్నా అని అడిగితే, "ఎక్కి కూర్చుంటే నవ్వు రావాల, మళ్లీ మీ వదిన నన్ను తిట్టకూడదు" అన్నాడు. నాకు ఇంతకంటే మంచి లెక్క ఎక్కడా దొరకలేదు. నెల రోజులుగా ఆదివారాలు ఒంగోలు హాస్టల్ నుంచి బయల్దేరి కన్సల్టెన్సీల చుట్టూ తిరుగుతున్నాం.

కాగితాల సంగతి ముందు చెప్తా. మన గ్రూపులో దీనికి వేరే అర్థం ఉంది కాబట్టి.

పాత బండి అమ్మేవాళ్లలో చాలామంది డెలివరీ నోటు రాసిచ్చి, ఖాళీ ఫారాల మీద పాత ఓనరు సంతకాలు చూపించి, "పేరు మార్పిడి నిదానంగా చేసుకోవచ్చు తమ్ముడూ" అంటారు. వేరేవాళ్లకి అది బద్ధకం, మనకి అది ప్రమాదం. మా మేనమామ ఒకాయన అట్టాగే కొన్న కారులో, బిడ్డకి జ్వరమని రాత్రి పూట ఆస్పత్రికి పోతుంటే ఒకచోట చెకింగ్‌లో ఆపారు. ఆర్సీలో పేరు వేరు. "ఏ ఊరు, ఏవుట్లు?" అని అడిగారు. ఎరుకలోళ్లమని చెప్పగానే మాట తీరు మారిపోయింది. పాత ఓనరుకి ఫోన్ చేస్తే స్విచాఫ్. బిడ్డనీ అత్తనీ వేరే ఆటోలో పంపించి, మామ మటుకు తెల్లారేదాకా బెంచీ మీద కూర్చున్నాడు. దొంగతనం కేసు పెట్టలేదు, కొట్టలేదు, అంతవరకు నయం. కానీ ఆ తర్వాత ఆ కారు ఆయన రాత్రిపూట తీయలేదు. ఏడాదిలో అమ్మేశాడు.

మన తాతల మీద బ్రిటిష్‌వాళ్లు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం పెట్టారు. 1871లో మొదలైంది, 1911 తర్వాత మద్రాసు రాజ్యంలో మనవాళ్ల మీద పడింది. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అట్టా పుట్టిన సెటిల్‌మెంటే. 1952 ఆగస్టు 31న దేశమంతా ఆ ముద్ర తీసేశామన్నారు. కాగితం మీద తీసేశారు. 2023లో స్టువర్టుపురం దొంగ మీద సినిమా వచ్చినప్పుడు మా హాస్టల్లోనే ఒకడు "మీ వాళ్ల సినిమా రా" అన్నాడు నవ్వుతూ. అందుకే అంటున్నా, ఎరుకల కుర్రోడు పక్కోడి పేరున్న కారు నడపడమూ, వేరే కులం కుర్రోడు నడపడమూ ఒకటి కాదు. మనకి ఆర్సీ మీద పేరు అంటే రాత్రి పదకొండింటికి అద్దం దించి నోరు తెరవగలగడం.

చట్టం కూడా ఇదే చెప్తుంది. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో రవాణా శాఖకి తెలపాలి. ఫారం 29, ఫారం 30. బండి మీద లోను ఉంటే ఫైనాన్స్ వాళ్లు ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 కూడా కావాలి. బండి వేరే ఆర్టీవో పరిధిది అయితే ఫారం 28 అడుగుతారు. ఇన్సూరెన్స్ కూడా మన పేరుకి మార్చమని 14 రోజుల్లో కంపెనీకి అర్జీ పెట్టాలి. ఇది చాలామంది మర్చిపోతారు.

బండి అమ్మేసేవాళ్లు కూడా వినండి. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో తీర్పు ఇచ్చింది. ఒక కారు చేతులు మారుతూ మారుతూ పోయింది, ఆర్సీలో మాత్రం మొదటి ఆయన పేరే ఉండిపోయింది. ఆ కారు కింద ఒక బిడ్డ చనిపోయింది. అమ్మేశానని మొదటి ఆయన కాగితాలు చూపించినా, యాక్సిడెంట్ రోజున రికార్డులో ఎవరి పేరు ఉంటే వాళ్లే ఓనరు, నష్టపరిహారం బాధ్యత వాళ్లదే అన్నది కోర్టు. కాబట్టి "సబ్సిడీ నీ పేరు మీద వస్తుంది, సంతకం పెట్టు, బండి నేను తిప్పుకుంటా, నీకు పదివేలు" అని ఎవరైనా పెద్దమనిషి మన కాలనీకి వస్తే ఆ పదివేల బరువు ఎంతో లెక్కేసుకోండి. లోను మనదీ, యాక్సిడెంట్ మనదీ, షికారు ఆయనదీ.

సరే, ఇప్పుడు మోడళ్ల సంగతి. ఫొటోలు పెట్టిన తమ్ముళ్లకి.

రెండు లక్షలకి పాత స్కార్పియో వస్తుంది, పాత సఫారీ వస్తుంది, వెతికితే పాత హోండా సిటీ కూడా వస్తుంది. మా పెద్దన్నకి కూడా మొదట స్కార్పియో మీదే మనసు. క్వారీ ఓనర్లందరినీ దాంట్లో తిప్పాడు మరి. నేను వద్దన్నాను. కొన్నప్పుడు పాత ధర పడుతుంది గానీ రిపేరుకి పోయినప్పుడు పాత ధర ఉండదు. ఇంజెక్టర్లు, టర్బో, సస్పెన్షన్ సామాను, పెద్ద టైర్లు, ఇవన్నీ ఈనాటి ధరే. దిగిపోతే బాగు చేయించలేక ఇంటి ముందు టార్పాలిన్ కప్పి పెట్టిన స్కార్పియోలు మా దిక్కు రెండు మూడు ఉన్నాయి, కోళ్లు పడుకుంటున్నాయి వాటి కింద.

నడపడానికి నిజంగా మజా ఉండేవి ఇంకో రకం ఉన్నాయి, ఫియట్ పుంటో, ఫోర్డ్ ఫిగో లాంటివి. స్టీరింగ్ పట్టుకుంటే రోడ్డు చేతికి తెలుస్తుంది, మలుపుల్లో అతుక్కుని పోతాయి. చవగ్గా కూడా దొరుకుతాయి. చవక ఎందుకంటే ఫియట్ 2019లో, ఫోర్డ్ 2021లో ఇక్కడ కార్ల తయారీ ఆపేశాయి. షెవర్లే అంతకంటే ముందే, 2017 చివర్లో అమ్మకాలు ఆపేసింది. హైదరాబాదులో ఉండేవాడు సామాను ఎట్టాగో తెప్పించుకుంటాడు. పొదిలి రోడ్డు మీద శనివారం సాయంత్రం ఆగిపోయినవాడికి కావాల్సింది పొదిలిలోనే దొరికే సామాను. ఫిగో ఇష్టమున్నవాళ్లు నన్ను తిట్టుకోండి. మంచి బండే, కాదనట్లేదు.

డీజిలా పెట్రోలా? పాత స్విఫ్ట్ డీజిల్లో ఉండేది ఫియట్ 1.3 లీటర్ ఇంజనే, దేశమంతా తెలిసిన ఇంజను, మెకానిక్కులకి కంఠతా వచ్చు. కానీ మన అవసరం ఏంది? ఆదివారం ఒకసారి, ఆస్పత్రికి ఒకసారి, పెళ్లికి ఒకసారి. నెలకి ఐదారు వందల కిలోమీటర్లు తిరిగేవాడికి డీజిల్లో మిగిలేది ఒక్క ఇంజెక్టర్ పోతే సరి. పైగా పాత డీజిల్ డిజైర్లలో చాలావాటిని ట్రావెల్స్‌లో తిప్పి, పసుపు ప్లేటు తీసి తెల్ల ప్లేటు వేయించి అమ్ముతారు. కాబట్టి పెట్రోలే.

ఇంక మిగిలినవి మీకు తెలిసినవే. ఆల్టో, ఆల్టో కె10, వ్యాగనార్, స్విఫ్ట్ పెట్రోల్, ఐ10, శాంత్రో. "ఇవేనా, ఇంతసేపూ చెప్పి" అనకండి. సరదా వీటిలోనే ఉందని లెక్క కట్టి చూపిస్తా, బీఎస్సీ ఎందుకు చదువుతున్నాను మరి. 2011లో వచ్చిన స్విఫ్ట్ పెట్రోల్ 86 హార్స్‌పవర్ దాకా, బరువు వెయ్యి కిలోలకి కొంచెం తక్కువ. 2010లో వచ్చిన ఆల్టో కె10లో 998 సీసీ ఇంజను, 67 హార్స్‌పవర్ దాకా, బరువు 750 కిలోలకి అటూ ఇటూ. భాగించి చూడండి, కిలోకి పడే బలం రెండిట్లో దాదాపు ఒకటే. చూడ్డానికి కోడిపెట్టలా ఉంటుంది, సెకండ్ గేర్లో తొక్కితే పొట్టేలు లాగా దూకుతుంది. పెద్దన్న టెస్ట్ డ్రైవ్ చేసి బైపాస్ ఎక్కించి మూడో గేరు వేసినప్పుడు నవ్వాడు. ఆ నవ్వు నేను చూశాను. స్పీడు అరవై కూడా దాటలేదు. చిన్న బండిలో ఉన్న సుఖమే అది, తక్కువ స్పీడులోనే ఆనందం అందుతుంది, మన రోడ్లకి అంతకంటే ఎక్కువ పనికిరాదు కూడా.

ఖర్చులోనూ తేడా ఉంది. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 1000 సీసీ లోపు కారుకి ఏడాది థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ 2,094 రూపాయలు, 1000 దాటి 1500 లోపు అయితే 3,416, జీఎస్టీ కాక. కె10 రెండు సీసీల తేడాతో కింది గట్టున పడింది. కె సిరీస్ ఇంజన్లలో టైమింగ్ చెయిన్ ఉంటుంది. శాంత్రోలో, 1.1 లీటర్ ఐ10లో, పాత 800 సీసీ ఆల్టోలో, 2010కి ముందు స్విఫ్ట్ పెట్రోల్లో టైమింగ్ బెల్టు. బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు చూపించలేకపోతే మార్చలేదనే అనుకుని ఆ డబ్బులు ధరలో తగ్గించమనండి. ఐ10లో 1.2 లీటర్ కప్పా ఇంజను తీసుకోండి, చెయిన్ ఉంటుంది, మెత్తగా లాగుతుంది, లోపల చోటు కూడా కె10 కంటే ఎక్కువ. ఇంట్లో ముసలివాళ్లుంటే నా ఓటు దానికే. వ్యాగనార్ ఎక్కడానికి దిగడానికి హాయి, మలుపుల్లో మటుకు పడవలాగా ఊగుతుంది.

ఇక్కడ ఒక చేదు మాట. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన దేశపు చిన్న కార్లని గుద్ది చూసింది. ఎయిర్‌బ్యాగులు లేని ఆల్టో 800, నానో, ఐ10, ఫిగో, పోలో, ఐదింటికీ పెద్దవాళ్ల భద్రతలో సున్నా స్టార్లు. అదే ఏడాది తర్వాత స్విఫ్ట్‌కి కూడా సున్నానే. ఒంగోలు నుంచి చీమకుర్తి ఇరవై కిలోమీటర్లు, ఆ రోడ్డు మీద మన ముందూ వెనకా పోయేవి గ్రానైట్ దిమ్మెల లారీలు. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ ఉన్న వేరియంట్ ఇరవై ముప్పై వేలు ఎక్కువైనా అదే వెతకండి, మ్యూజిక్ సిస్టమ్, అల్లాయ్ వీల్స్ వదిలేయండి. దొరక్కపోతే కనీసం నాలుగు సీట్ బెల్టులూ సరిగ్గా లాక్ అవుతున్నాయా చూసి, వెనక కూర్చున్నవాళ్ల చేత కూడా పెట్టించండి. కారు కొని ఎనిమిది మందిని ఎక్కించే అలవాటు మనది. అది మానకపోతే ఏ బండి కొన్నా ఒకటే.

డబ్బుల లెక్క. రెండు లక్షలుంటే రెండు లక్షల బండి చూడకూడదు. లక్షా అరవై దగ్గర ఆగాలి. నాలుగు టైర్లూ బ్యాటరీ మారిస్తే ఇరవై వేల దగ్గరికి పోతుంది. ఇంజనాయిలు, గేరాయిలు, బ్రేక్ ప్యాడ్లు, కూలెంటు, ఇన్సూరెన్సు, పేరు మార్పిడి ఖర్చు, మిగతాది వాటికి సరిపోతుంది. బండికి పదిహేనేళ్లు నిండబోతుంటే ఇంకో లెక్క ఉంది. 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 600 నుంచి 5,000కి పెంచారు, గ్రీన్ టాక్స్ వేరు. పద్నాలుగేళ్ల బండి చవగ్గా వస్తోందంటే కారణం అందులో ఉంటుంది. తక్కువ పడితే మూడు రూపాయల వడ్డీకి తేవద్దు. లక్షకి నెలకి మూడు వేలు వడ్డీ ఒక్కటే, ఏడాదికి ముప్పై ఆరు వేలు, అసలు అట్టాగే ఉంటుంది. అది కారు మీద అప్పు కాదు, ఆదివారాల మీద అప్పు.

బేరానికి ఒక ఆయుధం ఇస్తున్నా. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. అప్పుడు కొత్త ఆల్టో కె10 అన్నిటికంటే కింది మోడల్ షోరూం ధర 3,69,900కి దిగింది. ఒక కన్సల్టెన్సీ ఆయన పదేళ్ల కె10కి రెండు లక్షల డెబ్బై చెప్పాడు మాకు. పెద్దన్న ఏమీ అనలేదు, నేను కొత్తదాని ధర ఫోన్లో తీసి బల్ల మీద పెట్టాను. టీ తెప్పించాడు. బండి మటుకు మేం తీసుకోలేదు, ఎందుకో కింద చెప్తా.

చూసేటప్పుడు ఏం చూడాలి అనే దాని మీద వీడియోలు బోలెడున్నాయి, అవన్నీ మళ్లీ రాయను. మన దిక్కు ప్రత్యేకంగా చూడాల్సినవే చెప్తా. క్వారీ ప్రాంతంలో తిరిగిన బండి అయితే ముందు ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పండి. రాతి పొడి ముద్దలు కట్టి ఉంటే ఆ బండిని ఎవరూ పట్టించుకోలేదని అర్థం. కింద పడుకుని ఆయిల్ సంప్‌కి దెబ్బ తగిలిందేమో చూడండి. లారీలు చేసిన గుంటల్లో చిన్న కార్ల కడుపు తగులుతుంది. లోయర్ ఆర్మ్ బుష్‌లు పోతాయి. టెస్ట్ డ్రైవ్ వాళ్లు చూపించిన నున్నటి రోడ్డు మీద కాదు, మనకి తెలిసిన గతుకుల రోడ్డు మీద చేయండి.

రెండోది వరద బండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ దిక్కంతా రోజుల తరబడి నీళ్లలో ఉంది. మునిగిన కార్లన్నీ తుక్కుకి పోలేదు. కడిగి, ఆరబెట్టి, సీటు కవర్లు మార్చి చుట్టుపక్కల జిల్లాల్లో అమ్మినా మనకి తెలియదు. సీట్ బెల్టు చివరిదాకా లాగి చూడండి, లోపల చుట్టుకుని ఉన్న భాగం మీద బురద గీత ఉంటుంది. స్టెప్నీ పెట్టే గుంటలో, కార్పెట్ కింద, సీటు పట్టాల బోల్టుల దగ్గర తుప్పు చూడండి. పైన చెప్పిన కన్సల్టెన్సీ బండి బెల్టు లాగితే మట్టి గీత కనిపించింది. "వర్షంలో అద్దం మర్చిపోయార్లే" అన్నాడు ఆయన. టీ తాగి వచ్చేశాం.

మూడోది మీటరు తిప్పడం. నలభై వేలే తిరిగిందని చెప్పే పదేళ్ల బండికి క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి, స్టీరింగ్ మెరుస్తూ ఉంటే అది నలభై వేలు కాదు. టైరు మీద నాలుగు అంకెలుంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. మారుతి బండ్లు కంపెనీ సర్వీసులోనే తిరిగినవైతే నంబరు చెప్తే పాత సర్వీసు లెక్క ఉంటుంది, అమ్మేవాడిని పక్కన పెట్టుకుని అడగండి. ఎంపరివాహన్‌లో నంబరు కొడితే ఇన్సూరెన్స్ తేదీ, లోను ఉందా లేదా, ఎన్నో ఓనరు, కొంతవరకు అన్నీ కనిపిస్తాయి. పెండింగ్ చలానాలు కూడా చూడండి. పొద్దున్నే చెప్పకుండా పోయి ఇంజను చల్లగా ఉన్నప్పుడు సెల్ఫ్ కొట్టించండి. మనం పోయేసరికి ఇంజను వేడిగా ఉందంటే ఏదో దాస్తున్నారు. నీలం పొగ వస్తే వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేయండి.

ఢిల్లీ బండ్ల సంగతి అడిగారు ఒకరు. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్ల మీద కోర్టుల ఆంక్షలు ఉండబట్టి చవగ్గా ఇటు వస్తాయి. ఎన్‌ఓసీ, ఇక్కడ లైఫ్ టాక్స్, కొత్త నంబరు, ఇవన్నీ కలుపుకుని, ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరగడానికి పోయే కూలి రోజులు కూడా కలుపుకుని అప్పుడు చవకో కాదో చెప్పండి. తెలంగాణ బండికీ ఇదే బాధ. పాత ఏపీ 27 అంటే మన జిల్లా నంబరు, 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 అయింది. పేరు మార్పిడి తొందరగా అయ్యేది ఇవే. పెట్రోల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ వస్తోంది, పాత బండ్లు దానికోసం తయారైనవి కావు, మైలేజీ కొద్దిగా పడుతుంది. కొన్నాక పెట్రోల్ రబ్బరు పైపులు ఒకసారి మెకానిక్కు చేత చూపించుకుంటే చాలు, భయపడాల్సిందేం లేదు.

మెకానిక్కు అంటే గుర్తొచ్చింది. మన కాలనీల కుర్రోళ్లు ఎంతమంది షెడ్డుల్లో చేస్తున్నారు! బండి చూడ్డానికి వాళ్లని తీసుకుపోండి, ఆరోజు కూలి ఇచ్చి తీసుకుపోండి. మనోడే కదా అని ఊరికే తిప్పుకోవద్దు. పెద్దన్న స్నేహితుడు ఒకడు మాతో వస్తున్నాడు, ఐదువందలు ఇస్తున్నాం. వాడు వద్దన్న బండ్లు మూడు. ఒక్కోటి మాకు ఎన్ని వేలు మిగిల్చిందో.

నలుగురు కలిసి ఒక కారు కొందామన్న తమ్ముళ్లకి ఒక్క మాట. నేను దీనికి ఒప్పుకోను. డబ్బులు నలుగురివి, ఆర్సీలో పేరు ఒకడిది, నడిపేది ఇంకొకడు. గుద్దితే పైన చెప్పిన సుప్రీంకోర్టు మాట గుర్తు చేసుకోండి, స్నేహం అప్పటికే పోయుంటుంది. ఆ డబ్బుల్తో నలుగురూ ఎల్‌ఎల్‌ఆర్ తీసుకుని, నెల ఆగి లైసెన్సు టెస్టుకి పొండి. ఆడపిల్లలు కూడా. మన కాలనీలో కారు నడపగల అన్నలు ఇంతమంది ఉన్నారు, నడపడం వచ్చిన అక్క ఒక్కతి కూడా లేదు. ఇది నేను గ్రూపులో అడగాలనుకుని చాన్నాళ్లయింది. రాత్రి నొప్పులొస్తే ఫోన్ చేసి ఎవరినో బతిమాలేది వాళ్లే కదా.

ప్రస్తుతానికి మా చూపులో రెండు బండ్లున్నాయి. ఒకటి 2013 కె10, ఒక రిటైర్డ్ టీచరు గారిది, మొదటి ఓనరు, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ ఉంది, లక్షా డెబ్బై చెప్తున్నారు. రెండోది 2012 ఐ10 1.2, లోను తీరిపోయింది గానీ ఆర్సీలో ఫైనాన్స్ పేరు ఇంకా తీయించలేదు. అది తీయించి పెడితేనే బేరం అన్నాం. ఇంట్లో ఇప్పుడు గొడవ మోడల్ మీద కాదు. చీటీ డబ్బుల్లో సగం ఆమె బుట్టలల్లి కట్టినవి కాబట్టి పేరు నాదే ఉండాలంటోంది వదిన. పెద్దన్న ఇంకా ఏమీ చెప్పలేదు. ఫారం 30 ప్రింటు తీసి పెట్టాను, కొన్నవారి పేరు గడి ఇంకా నింపలేదు. వచ్చే ఆదివారం టీచరు గారింటికి పొద్దున ఆరింటికి పోతున్నాం, ఇంజను చల్లగా ఉండగానే. ఒంగోలులో ఎవరి దగ్గరైనా కంప్రెషన్ గేజ్ ఉంటే ఒకపూట ఇవ్వండి.